భుజానికి వదులు... చేతికి బిగువు

*తుపాకీ అనగానే గొట్టం గురించి, తూటా గురించి మాట్లాడుకుంటాం. రోజంతా దాన్ని మోసే రెండు మూరల బెల్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్ శివారు గండిమైసమ్మ చౌరస్తాలో నగదు వ్యాను దిగిన గార్డు నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో బోర్లా పడుకున్న పిల్లల వరకు ఆ బెల్టు వెంట నడిచిన కథనం.*

గండిమైసమ్మ చౌరస్తా. పొద్దున తొమ్మిదిన్నర. నర్సాపూర్ వెళ్లే బస్సు, మేడ్చల్ వైపు తిరగాల్సిన టిప్పర్ ఎదురుబొదురుగా నిలబడి హారన్లతో తిట్టుకుంటున్నాయి. పైన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. ఏటీఎం ముందు నగదు వ్యాను ఆగింది. తలుపు తెరుచుకోగానే ముందు తుపాకీ గొట్టం బయటికొచ్చింది, తర్వాత మనిషి. యాభై అయిదు దాటి ఉంటాయి. మీసం దువ్వి ఉంది, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. భుజానికి డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు. రెండో గార్డు వ్యాను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

చాయ్ బండి దగ్గరున్న వాళ్లంతా తుపాకీ వంక చూశారు. నా కళ్లు బెల్టు మీద పడ్డాయి. అది తుపాకీ బెల్టే కాదు. కాలేజీ పిల్లల బ్యాగుకు ఉండాల్సిన నీలం పట్టీ. రెండు కొసలనూ కరెంటు తీగతో బిగించారు. భుజం మీద ఆనే చోట చేతిరుమాలు చుట్టి దారంతో కుట్టారు.

పని ముగిసి వ్యాను కదలడానికి ఇంకా టైముంది. చాయ్ గ్లాసు ఇచ్చి పలకరించాను.

"బెల్టు తెగిందా అన్నా?"

"తెగి రెండేండ్లాయె సార్. తుపాకి నాది, లైసెన్సు నాది. బెల్టు గూడ నాదే గద, ఎవ్వలిస్తరు?"

"ఎప్పుడన్నా పేల్చాల్సి వచ్చిందా?"

ఆయన నవ్వాడు. "ఫౌజుల మస్తు పేల్చిన. ఈడికొచ్చి పదకొండేండ్లు. ఒక్క గుండు గూడ పేల్చలే. భుజమే నొస్తది."

నేను ఇంటికెళ్లి కూడా మర్చిపోలేకపోయిన లెక్క అది. పదకొండేళ్లు, రోజుకు పది పన్నెండు గంటలు. పేల్చింది సున్నా. ఆ తుపాకీతో ఆయనకున్న సంబంధమంతా ఆ నీలం పట్టీతోనే.

అందరూ తుపాకీనే చూశారు

ఈ ఊళ్లలో నగదు వ్యాను గార్డుల మీద జనం చూపు మారింది ఈ మధ్యే. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎంకు డబ్బు తెచ్చిన సిబ్బంది మీద బైకు మీద వచ్చిన దుండగులు పట్టపగలు కాల్పులు జరిపారు. అదే రోజు హైదరాబాద్ చేరి అఫ్జల్‌గంజ్‌లో మళ్లీ తుపాకీ పేల్చారు. తర్వాత కొన్నాళ్లు చాయ్ బండ్ల దగ్గర ఇదే ముచ్చట. గార్డు దగ్గర తుపాకీ ఉందా, అందులో తూటా ఉందా, ఆయనకు కాల్చడం వచ్చా? ప్రశ్నలు సరైనవే. భుజం మీది తుపాకీ చేతుల్లోకి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. ఆ జవాబులో సగం బెల్టు దగ్గరే ఉంది.

బెల్టు పొట్టిదైతే తుపాకీ చంకలో ఇరుక్కుంటుంది, తీయాలంటే భుజం విదిలించాలి. పొడుగైతే తుపాకీ మడమ మోకాలికి తగులుతూ ఊగుతుంది. జారే గుడ్డతో చేసిందైతే ఒక చేయి ఎప్పుడూ దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. ఆ చేయి ఇక దేనికీ పనికిరాదు.

[బాక్స్] వ్యాను వెనక నిబంధనలు

ఏటీఎంలకు నగదు తరలింపుపై కేంద్ర హోంశాఖ 2018లో నియమాలు తెచ్చింది. పట్టణాల్లో రాత్రి 9 దాటాక, గ్రామాల్లో సాయంత్రం 6 దాటాక ఏటీఎంలలో డబ్బు పెట్టకూడదు. వ్యాను వెంట ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి. ఒక విడతలో 5 కోట్ల రూపాయలకు మించి తీసుకెళ్లకూడదు. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలన్నింటికీ మూలం 2005 నాటి చట్టం.

పేరులోనే తికమక

గార్డులు, కానిస్టేబుళ్లు దీన్ని బెల్టు అంటారు. రేంజ్‌లో పిల్లలు స్లింగ్ అంటారు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తిరగేస్తే స్లింగ్ ఎదురుగా ‘వడిసెల’ అని కనిపిస్తుంది. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలే వడిసెల, సాయుధ పోరాటం రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు రాళ్లు పెట్టి విసిరిన వడిసెల. అది వేరు, ఇది వేరు. ఒకే మాట ఇంగ్లిష్‌లో రెండు పనులు చేస్తే మన అనువాదకులకు తిప్పలు.

మన చరిత్రా ఈ బెల్టును వదిలేసింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడింది. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకుపోయిందని లెక్క రాసి పెట్టారు. వాటిని మన్యం కొండలెక్కించిన పట్టీల లెక్క ఎవరూ రాయలేదు. మల్లు స్వరాజ్యం తన ఆత్మకథకు ‘నా మాటే తుపాకి తూటా’ అని పేరు పెట్టుకున్నారు. తూటాకు సాహిత్యంలో చోటుంది. బెల్టుకు చెప్పులు కుట్టేవాడి దగ్గర కూడా చోటు దొరకడం కష్టమే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నాలుగు కిలోలు, పన్నెండు గంటలు

మామూలు డబుల్ బ్యారెల్ మూడు, మూడున్నర కిలోలు ఉంటుంది. సైన్యం, పోలీసులు దశాబ్దాల పాటు మోసిన త్రీనాట్‌త్రీ, ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు కిలోల చుట్టుపక్కల తూగుతాయి. నాలుగు కిలోల బియ్యం సంచి చేతిలో పట్టుకుని సూరారం నుంచి గండిమైసమ్మ దాకా నడిచి చూడండి, బెల్టు విలువ తెలుస్తుంది.

మోయడానికి ఎంచుకునే బెల్టులో మొదట చూడాల్సింది వెడల్పు. అంగుళం పట్టీ గంటలో భుజంలోకి దిగుతుంది. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండను సన్నటి తాడు కోసినట్టు కోస్తుంది. రెండంగుళాల మెత్త ఉన్న పట్టీ అదే బరువును పరిచి మోస్తుంది. చేతిరుమాలు చుట్టిన గార్డుకు ఈ శాస్త్రం ఎవరూ నేర్పలేదు, ఆయన భుజమే నేర్పింది. అయితే బెల్టు మొత్తం వెడల్పుగా ఉంటే కుదరదు. తుపాకీకి ఉండే ఇనుప కడియాల్లో దూరాలి కదా. అందుకే మంచి బెల్టు భుజం దగ్గర వెడల్పుగా, కొసల్లో సన్నగా ఉంటుంది.

రెండోది, దేనితో చేశారన్నది. తోలు భుజాన్ని పట్టుకుంటుంది, జారదు. కానీ తడిస్తే సాగుతుంది, ఎండితే కట్టెలా బిగుసుకుంటుంది, మన శ్రావణ మాసంలో బూజు పడుతుంది. నెలకోసారి నూనె పట్టించే ఓపిక ఉన్నవాళ్లకే తోలు. నైలాన్‌కు ఆ బాధలేవీ లేవు. తడిసినా పాడవదు, చవక. ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కా మీద మాత్రం జారుతుంది. అడుగున రబ్బరు చుక్కలో, ముతక గుడ్డో ఉన్న నైలాన్ దొరికితే గార్డు ఉద్యోగానికి అదే మేలని నా అభిప్రాయం. మూడోది నూలు నేత. త్రీనాట్‌త్రీ తుపాకులకు బ్రిటిషువాళ్లు వేసిన బెల్టు అదే, మంచానికి అల్లే నవారుకు తమ్ముడనుకోండి. భుజానికి హాయిగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. తడిస్తే కుంచించుకుపోతుంది, పగ్గం పట్టినట్టు.

ఇక పొడవు. ఈ చౌరస్తాలోనే కళ్లారా చూశాను. ఒక గార్డు ఏటీఎం గాజు తలుపు తోసుకుని లోపలికెళ్లబోతుంటే భుజం మీది గొట్టం పైన చట్రానికి టంగుమని తగిలింది. గొట్టం తల మీదుగా జానెడు పైకి లేచి ఉంది. బెల్టు రెండు రంధ్రాలు వదులు చేస్తే ఆ టంగు ఉండదు. వానలో గొట్టం కిందికి వేలాడేలా తిప్పి వేసుకుంటే నీళ్లు లోపలికి పోవు, తలుపులకూ తగలదు. కానీ పక్కనున్నవాళ్ల కాళ్ల వైపు గొట్టం చూస్తూ ఉంటుంది. కిక్కిరిసిన చోట అది మర్యాద కాదు, క్షేమమూ కాదు.

అన్నిటికంటే పెద్ద సంగతి కొక్కెం. బెల్టు నడిమధ్యలో తెగదు, కొసల్లో తెగుతుంది, కడియం దగ్గర రాసుకుని రాసుకుని. లోడు చేసిన పాత తుపాకీ భుజం మీంచి జారి సిమెంటు మీద పడితే పేలే ప్రమాదం ఉంది. కరెంటు తీగతో కట్టిన ఆ నీలం పట్టీ చూసి నా గుండె గుబేలుమన్నది అందుకే.

ఊపిరి బిగబట్టిన బెల్టు

అక్కడి నుంచి గచ్చిబౌలి వెళదాం. 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన షూటింగ్ రేంజ్ అది. ఆ మరుసటి ఏడు, 2003 అక్టోబరులో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో ఇరవయ్యేళ్ల గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. తొమ్మిదేళ్లకు 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం. బేగంపేటలో చదువుకున్న పిల్లాడు ఒలింపిక్ పతకం తెచ్చాడన్న మాట ఈ నగరంలో ఎంతమంది తల్లిదండ్రుల చేత రైఫిల్ బేరం చేయించిందో.

రేంజ్‌లో స్లింగ్ కనిపించేది అన్ని పోటీల్లో కాదు. గగన్ లండన్‌లో గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చే పోటీ. అందులో స్లింగ్ నిషేధం. మన నగరపు షూటర్ ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి తెచ్చిన నాలుగు పతకాలూ పిస్టల్‌వి, పిస్టల్‌కు స్లింగ్ అవసరమే లేదు. ఇక్కడి కైనాన్ చెనాయ్ ఆడేది ట్రాప్. గాల్లో ఎగిరే పలకను వెంటాడే షాట్‌గన్‌కూ స్లింగ్ అక్కర్లేదు. మన ఊరి పేరున్న పతకాల్లో చాలావాటికి స్లింగ్‌తో పనే లేకపోవడం తమాషా.

స్లింగ్ అసలు ఆట యాభై మీటర్ల రైఫిల్‌లో. మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి కాల్చే మూడు భంగిమల పోటీ. మొదటి రెంటికీ స్లింగ్ కట్టుకోవచ్చు, నిలబడ్డప్పుడు కూడదు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఇందులోనే, 451.4 పాయింట్లతో. ఈ పోటీలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. కొల్హాపూర్ ప్రాంతపు కుర్రాడు, అప్పటికి రైల్వే టికెట్ కలెక్టర్. ఆ తర్వాతే ఇక్కడి పిల్లల నోట ‘త్రీ పొజిషన్’ అన్న మాట తరచుగా వినిపిస్తోంది.

లక్ష్యం మీద పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు, రూపాయి నాణెంలో సగం. యాభై మీటర్ల అవతల. గొట్టం కొస వెంట్రుకవాసి కదిలితే తూటా వలయం దాటి పడుతుంది. కండ బలంతో రైఫిల్‌ను అంత నిశ్చలంగా నిలపడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే కండ వణుకుతుంది. ఎముక వణకదు. స్లింగ్ చేసే పనల్లా బరువును కండ మీంచి తీసి ఎముక మీద పెట్టడం. ఎడమ మోచేయి నేల మీద, అరచేయి రైఫిల్ కింద. జబ్బ నుంచి రైఫిల్ ముందు భాగానికి లాగి కట్టిన పట్టీ ఆ త్రిభుజానికి మూడో భుజం. ముక్కాలి పీట మీద కూజా కూర్చున్నట్టు రైఫిల్ కూర్చుంటుంది. ఎడమ చేతి వేళ్లు వదిలేసినా పడిపోదు. అసలు వదిలేయాల్సిందే, గట్టిగా పట్టుకున్నవాడికి పాయింట్లు రావు.

జబ్బ మీద ఎక్కడ కట్టాలి?

నేను రేంజ్‌కు వెళ్లిన రోజు పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె బోర్లా పడుకుని ఉంది. రైఫిల్ ఖాళీ. అరగంట సేపు ఆమె ఒక్క తూటా పేల్చకుండా పట్టీ ఒక రంధ్రం బిగించడం, విప్పడం, మళ్లీ పడుకోవడం. విసుగేస్తుందేమో అని అడిగితే "లేదంకుల్, గుండె కనిపిస్తోంది" అంది. నాకు అర్థం కాలేదు. సైట్‌లోంచి చూడమంది. నల్ల చుక్క సన్నగా ఎగురుతోంది, టక్... టక్... టక్. అది ఆమె నాడి.

జబ్బ లోపలి వైపు పెద్ద ధమని పోతుంది. పట్టీ సరిగ్గా దాని మీద పడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా రైఫిల్ ఎగురుతుంది. అందుకే కొందరు చంకకు దగ్గరగా పైకి కడతారు, కొందరు కాస్త కిందికి దించుతారు, పట్టీ ముడిని చేతి బయటి వైపుకు తిప్పుతారు. ఎవరి చేయి వారిది, ఇంకొకరి కొలత పనికిరాదు. కోటు చేతికి చిన్న కొక్కెం పెట్టుకుని పట్టీ జారకుండా ఆపుకోవచ్చు, దానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

బిగువు ఎంత ఉండాలన్నది ఇంకో పేచీ. వదులైతే బరువు మళ్లీ కండ మీదికే వస్తుంది. మరీ బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కి చివరి పది తూటాలప్పుడు చేయి తనది కానట్టు అయిపోతుంది. కోచ్‌లు చెప్పే పరీక్ష ఒకటే. కళ్లు మూసుకో, రెండుసార్లు ఊపిరి తీసుకుని వదులు, కళ్లు తెరువు. గురి పక్కకు జరిగి ఉంటే రైఫిల్‌ను తోయొద్దు, ఒంటిని జరుపు. తూటా పేలాక రైఫిల్ ఎగిరి మళ్లీ అదే చుక్క మీదికి తనంతట తాను దిగితే పట్టీ కుదిరినట్టు.

ఇక్కడ మెత్తటి పట్టీ పనికిరాదు. గార్డు భుజానికి వరమైన ఆ మెత్తదనం షూటర్‌కు శాపం. మొదటి తూటాకూ ఇరవయ్యో తూటాకూ మధ్య పట్టీ గోరంత సాగినా గురి కిందికి దిగుతుంది. అందుకే పోటీ స్లింగ్‌లు సాగని సింథటిక్‌తోనో, గట్టి తోలుతోనో చేస్తారు. పక్కన అంకెలు ముద్రించి ఉంటాయి. మోకాలి భంగిమకు ఒక అంకె, బోర్లా భంగిమకు ఒక అంకె. ఆ అమ్మాయి తన డైరీలో రెండు అంకెలు రాసుకుంది, తేదీతో సహా. ఆర్నెల్లలో నాలుగుసార్లు మారాయి. పిల్లలు పొడుగవుతారు కదా.

కొత్తగా చేర్పించే తల్లిదండ్రులకు ఒక మాట. లక్షలు పోసి రైఫిల్ కొన్న ఇంట్లో స్లింగ్ దగ్గర బేరమాడతారు. నేనైతే రైఫిల్ అకాడమీదే వాడనిచ్చి ముందు జాకెట్, గ్లవ్, స్లింగ్ పిల్ల ఒంటికి సరిపోయేవి కొంటాను. రైఫిల్‌ను నలుగురు పంచుకోవచ్చు. స్లింగ్ జోడులాంటిది.

[బాక్స్] పోటీ స్లింగ్ – నిబంధనలు

వెడల్పు 40 మిల్లీమీటర్లు మించకూడదు. ఆనించే చేతి పై భాగానికే కట్టాలి. రైఫిల్ ముందు భాగానికి ఒకే చోట తగిలించాలి. చేతికి గానీ మణికట్టుకు గానీ ఒక పక్క నుంచి మాత్రమే పోవాలి. బోర్లా భంగిమలో ముంజేయి నేలతో 30 డిగ్రీలకు తగ్గని కోణం చేయాలి. నిలబడి కాల్చేటప్పుడు స్లింగ్ కూడదు.

బోర్లా పడుకుని మాత్రమే కాల్చే యాభై మీటర్ల పోటీ 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి పోయింది. 2012 లండన్‌లో ఆ పోటీలో మన దేశపు షూటర్ జయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు.

రెండు పనులూ చేయాల్సినవాళ్లు

గార్డుకు మోయడమే పని. షూటర్ రైఫిల్‌ను భుజాన వేసుకోడు, పెట్టెలో పెట్టి కారులో తెస్తాడు. రెండూ చేయాల్సింది సిపాయి, పోలీసు. గండిమైసమ్మ చుట్టుపక్కల వాళ్లకు కొదవ లేదు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, అటు హకీంపేటలో సీఐఎస్‌ఎఫ్ వారి శిక్షణ అకాడమీ నిసా. తెల్లవారుజామున ఆ దారుల్లో పరుగులు తీసే కుర్రాళ్ల జబ్బలు చూస్తే పట్టీ ఆనిన చోట చర్మం రంగు వేరుగా కనిపిస్తుంది.

వాళ్ల బెల్టుకు మూడో పని కూడా ఉంది, కవాతు. సలామీ శస్త్ర్ అనగానే అరచేయి బెల్టు మీద పడి ఫట్‌మని మోగాలి. బెల్టు తుపాకీకి అతుక్కున్నట్టు బిగించి ఉంటేనే ఆ మోత వస్తుంది. ఎన్‌సీసీ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, వదులు బెల్టు కనిపిస్తే ఉస్తాద్ మైదానం చుట్టూ ఉరికించడం. అదే బిగువుతో పది కిలోమీటర్ల మార్చ్ చేయమంటే తుపాకీ భుజానికి ఎక్కదు. ఒకే బెల్టు పొద్దున అలంకారం, మధ్యాహ్నం బరువు మోత, సాయంత్రం రేంజ్‌లో మోచేతికి చుట్టుకునే ఆసరా.

దీనికి ప్రపంచం రకరకాల ఉపాయాలు వెతికింది. అమెరికా సైన్యం 1907లో తెచ్చిన తోలు బెల్టులో రెండు ముక్కలు, ఇత్తడి కొక్కేలు, బారులు తీరిన రంధ్రాలు. మోసేటప్పుడు ఒక పొడవు, కాల్చేటప్పుడు సగం విప్పి జబ్బకు ఉచ్చు. తెలివైన పనే, కానీ ఉచ్చులోకి చేయి దూర్చి బిగించేలోపు ఎదుటివాడు ఊరు దాటుతాడు. అందుకే తొందర ఉన్నప్పుడు ఆ ఉచ్చు జోలికి పోకుండా ఊరికే మోచేతికి ఒక చుట్టు చుట్టి లాగి పట్టడం నేర్పుతారు. సగం ఫలితం, క్షణంలో. ఇప్పుడు కమాండోల దగ్గర కనిపించేది ఛాతీకి అడ్డంగా వేసుకునే రెండు కొసల బెల్టు. ఒక లాగుడుకు బిగిసి, ఇంకో లాగుడుకు వదులవుతుంది. ఒకే కొసకు వేలాడే బెల్టూ ఉంది. కారులోంచి దూకి దిగేవాళ్లకు బాగుంటుంది, నడిచేవాళ్లకు మాత్రం తుపాకీ గంటలా మోకాళ్ల మధ్య కొట్టుకుంటుంది.

నాకు నచ్చిన జవాబు మంచుదేశాలది. బయాథ్లాన్ అనే ఆటలో మంచు మీద స్కీలతో కిలోమీటర్లు పరుగెత్తి, మధ్యమధ్య ఆగి రైఫిల్ కాలుస్తారు. రైఫిల్ బరువు మూడున్నర కిలోలకు తగ్గకూడదు. వాళ్లు రెండు పనులను ఒక బెల్టు మీద రుద్దలేదు. మోయడానికి బ్యాగులా రెండు భుజాలకు పట్టీలు, పడుకుని కాల్చడానికి జబ్బకు వేరే పట్టీ, దానికో కొక్కెం. పడుకుంటూనే తగిలించుకోవడం, లేస్తూనే ఊడదీసుకోవడం.

మోకు తెలిసిన ఊరికి కొత్తేమీ కాదు

ఈ బిగువు విద్య కోసం మంచుదేశాల దాకా పోనక్కర్లేదని బౌరంపేట వైపు ఒక గౌడన్నను చూశాక అనిపించింది. తాటిచెట్టు సగంలో ఆగి, మోకు మీద నడుం వాల్చి, రెండు చేతులూ వదిలేసి గెల గీస్తున్నాడు. బరువంతా మోకుది, చేతులకు పనే తప్ప బరువు లేదు. వాలితే బిగుస్తుంది, నిటారుగా అయితే వదులవుతుంది, అప్పుడు పైకి జరుపుకోవాలి. స్లింగ్ కట్టుకుని బోర్లా పడుకున్న ఆ అమ్మాయి వేళ్లు వదిలేసినప్పుడు రైఫిల్ నిలబడ్డది ఇదే సూత్రం మీద. మోకు తెగితే ప్రాణం పోతుంది కనుక గీత కార్మికుడు రోజూ దాన్ని తడిమి చూసుకుంటాడు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కొత్త కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా చెట్ల మీంచి పడి పోతున్న ప్రాణాలు చూసే.

తుపాకీ బెల్టును అలా రోజూ తడిమి చూసుకునేవాళ్లు నాకు తక్కువే కనిపించారు. దసరాకు ఠాణాల్లో ఆయుధాలన్నీ వరసగా పేర్చి పసుపు కుంకుమ పెడతారు. గొట్టానికి బొట్టు, మడమకు బొట్టు. బంతిపూల దండ బెల్టుకే కడతారు, వేలాడదీయడానికి వీలుగా ఉంటుందని.

[బాక్స్] లైసెన్సు ఉన్నా...

ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించమంటారు. బెల్టు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. బాగు చేయించుకోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

ఆదివారం, చెప్పుల దుకాణం

మళ్లీ ఆ గార్డు దగ్గరికి. తిరుమలగిరి లాల్‌బజార్ వైపు మిలటరీ సామాను అమ్మే దుకాణాల్లో వెతికి ఒక పాత నవారు బెల్టు పట్టుకొచ్చాను. ఆయన సెలవు రోజున చౌరస్తాకు రమ్మన్నాను. తుపాకీ ఇంట్లో తాళం వేసి పెట్టి, నీలం పట్టీ పాలిథిన్ కవర్లో చుట్టుకుని వచ్చాడు. కొత్త బెల్టు ఆయన తుపాకీ కడియాలకు కాస్త వెడల్పు ఎక్కువైంది. కొసలు సన్నం చేయించాలి, భుజం దగ్గర మెత్త కుట్టించాలి.

రోడ్డు పక్క చెప్పులు కుట్టే పెద్దాయన బెల్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ బ్యాగుదివయా ఇది?"

"బ్యాగుది గాదు తాతా, తుపాకిది."

ముసలాయన చేతిలోని ఆరె ఆగిపోయింది. "నాకొద్దు బిడ్డా. పోలీసు పని నాతోటి గాదు." అందుకే చోటు దొరకడం కష్టమన్నాను. ఆ పాత నీలం పట్టీ, దాని మీద చుట్టిన చేతిరుమాలు, చెమటకు నల్లబడ్డ చోటు చూపించాక కాస్త మెత్తబడ్డాడు. తోలు ముక్క తీసి కొలవబోయి తలెత్తాడు.

"ఎంత వెడల్పు పెట్టాలె?"

గార్డు ఫోన్ తీశాడు. "ఫోటో ఉన్నది తాతా, తుపాకిది సూడు."

"తుపాకి నాకెందుకు?" అన్నాడు పెద్దాయన, బెత్తెడు చాచి. "ఇటు తిరిగి కూసో. భుజం సూపెట్టు."